బిగించినవాడే బండెక్కాలి

నేను యుద్ధంలో పనిచేశానని చెబితే మా వీధిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు నా కాళ్ళకేసి చూస్తారు, కుంటుతానేమోనని. ఆ తర్వాత గోడ మీద మెడల్ ఉందేమోనని వెతుకుతారు. కుంటూ లేదు, మెడలూ లేదు. నేను ఫిట్టర్ని. రాజమండ్రి లారీ షెడ్లలో బోల్టులు బిగించడం నేర్చుకున్నాను, కతార్‌లో రిటైరయ్యేదాకా అదే పని చేశాను. మధ్యలో, తొంభైలో, కువైట్‌ని ఇరాక్ ఆక్రమించాక, మా షెడ్డుకి లారీల బదులు సైన్యం బళ్ళు రావడం మొదలైంది. వాటి నెత్తిన మెషిన్ గన్లు నిలబెట్టే స్టాండులు మేం బిగించాం. నేను చేసిన యుద్ధమంతా అంతే.

గల్ఫ్‌కి వెళ్ళబోయే కుర్రాళ్ళు మా ఇంటికొచ్చి, "అంకుల్, అక్కడ ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?" అని అడుగుతుంటారు. నీళ్ళు బాగా తాగమనీ, పాస్‌పోర్టు కాపీ ఇంట్లో ఉంచమనీ ఎవరైనా చెబుతారు. దానికి నేనెందుకు? నేను మాత్రం ఆ గన్ స్టాండు సంగతే చెబుతాను. చెప్పి చెప్పి గొంతు పోతోంది కనక ఇప్పుడు రాసి పెడుతున్నాను. చదివినవాళ్ళకి టీ కూడా పొయ్యక్కర్లేదు.

లారీ కాదు, ట్యాంకూ కాదు

మా షెడ్డు అబూ హమూర్ దాటాక ఉండేది. ఇప్పుడక్కడ ఇళ్ళూ, స్కూళ్ళూ, హోల్‌సేల్ మార్కెట్లూ వచ్చేశాయి. అప్పట్లో మా వెనక గోడ దాటితే ఇసుకే. గాలి లేస్తే తలుపు మూసినా అన్నంలోకి వచ్చేది.

ఆ బళ్ళు చూడ్డానికి ఇనప పెట్టెకి చక్రాలు తగిలించినట్టుంటాయి. లోపల సైనికులు ఎదురెదురుగా బెంచీల మీద కూర్చుంటారు. పైన ఒక మూత ఉంటుంది. ఆ మూత తెరిచి ఒకడు నడుం దాకా బయటికి నిలబడి గన్ను పట్టుకోవాలి. లోపలివాళ్ళకి చుట్టూ ఇనుము అడ్డం. వీడికి నడుం పైన చొక్కానే అడ్డం. అందుకని వాడి ప్రాణమంతా, గన్ను ఎటు కావాలంటే అటు చప్పున తిరగడంలోనే ఉంటుంది. గన్ను సైన్యం వాళ్ళదే. దాన్ని మోసి తిప్పే స్టాండు మాది.

లారీ బాడీ కట్టినవాడికి ఒక జబ్బుంటుంది. ఎక్కడ ఖాళీ కనబడితే అక్కడ ఏదో ఒకటి అతికించాలనిపిస్తుంది. మొదటి స్టాండు నిలబెట్టాక దాని వెనక చిన్న పువ్వేద్దామా అన్నాను నేను, అలవాటు చొప్పున.

మా వెల్డరు మల్లయ్య ముఖం మీది అద్దం పైకెత్తి నన్ను చూశాడు. వాడిది జగిత్యాల దగ్గర ఊరు. అక్కడ బోరుబావుల రిగ్గుల మీద పనిచేసి వచ్చాడు.

"ఏందన్నా, గిది యుద్ధానికి పోతాందా, పెండ్లికి పోతాందా?" అన్నాడు.

పువ్వు ఆలోచన అక్కడితో మానుకున్నాను.

ఉస్తాద్ ఇద్రీస్

మా ఫోర్‌మన్ సూడాన్ మనిషి, పేరు ఇద్రీస్. అందరం ఉస్తాద్ అనేవాళ్ళం. తాటిచెట్టంత పొడుగు, కోపం మాత్రం ముక్కు మీదే. సగం హిందీ, సగం అరబ్బీ కలిపి మాట్లాడేవాడు, మేమూ అదే భాషలో జవాబిచ్చేవాళ్ళం. నాకు దొరికిన పైవాళ్ళలో నిజంగా పని నేర్పింది ఆయనొక్కడే. మిగిలినవాళ్ళు ఆలస్యానికి కారణాలు అడగడమే పర్యవేక్షణ అనుకున్నారు.

ఉస్తాద్‌కి ఒకటే రూలు. బిగించినవాడే బండెక్కాలి. నీళ్ళ ట్యాంకరుకి వెనక నిచ్చెన బిగిస్తే, బిగించినవాడు ఆ నిచ్చెన మీద నిలబడాలి, ఆయన బండి నడుపుతాడు. చేరిన కొత్తల్లో నన్నూ అలాగే ఎక్కించాడు. గుంటలన్నీ వెతికి వెతికి మరీ వాటి మీంచి పోనిచ్చాడు. దిగాక నేరుగా వెళ్ళి స్పానర్ తెచ్చుకున్నాను.

"కాగితం మీద సంతకం చేసేవాడు చెయ్యి పెడతాడు. నువ్వు ఒళ్ళు పెట్టాలి," అనేవాడు ఉస్తాద్. కుర్రాళ్ళకి నేను చెప్పదలుచుకున్నదాంట్లో సగం ఇదే. మీరు చేసిన పనిని ముందు మీరు వాడండి. వంటవాడు రుచి చూడకుండా వడ్డిస్తే ఊరుకుంటామా?

సాలెం

మొదటి బండితో పాటు దాని గన్నరు కూడా వచ్చాడు. పేరు సాలెం. అల్ షహానియా వైపు వాడు, ఇంట్లో పందెం ఒంటెలు పెంచుతారు. గన్నుని పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు, మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు. పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఒక డబ్బా మీద కూర్చుని మమ్మల్ని అనుమానంగా చూశాడు. ఆ అనుమానం మధ్యాహ్నం భోజనం దాకానే నిలిచింది. మల్లయ్య ఇంటినుంచి తెచ్చుకున్న మామిడికాయ తొక్కుని రొట్టెలో చుట్టి చేతిలో పెట్టాడు. సాలెం కళ్ళమ్మటా ముక్కమ్మటా నీళ్ళు కారాయి. కాసేపు మాట రాలేదు. మాట వచ్చాక, ఇంకో రొట్టె అడిగాడు.

ఆ రోజునుంచి మాలో ఒకడైపోయాడు. స్టాండు ఎత్తు సరిచూడ్డానికి వాణ్ణి బెంచీ మీద నిలబెట్టి, భుజం దగ్గరా మోచేతి దగ్గరా కొలతలు తీశాం. "పెండ్లికొడుక్కి సూటు కుడ్తున్నమన్నట్టు!" అని మల్లయ్య ఆటపట్టించాడు. దాన్ని నేను హిందీలో చెబితే సాలెం సిగ్గుపడ్డాడు. నిజంగానే పెళ్ళి కుదిరిందట, యుద్ధం అయ్యాక చేసుకుంటాడట. అప్పటిదాకా మేం బిగిస్తున్నది ఒక గన్నరు కోసం. ఆ మాట విన్నాక సాలెం కోసం. పనిలో తేడా ఏముంటుందంటారేమో. ఉంటుంది. నట్టు మీద ఇంకోసారి చెయ్యి వెళుతుంది.

ముషైరిబ్‌లో ఫోను

శుక్రవారాలు ముషైరిబ్‌కి వెళ్ళి ఇళ్ళకి ఫోన్లు చేసేవాళ్ళం. అప్పటి ముషైరిబ్ ఇప్పటిలా అద్దాల మేడలు కాదు, ఇరుకు సందులూ టీ కొట్లూ. ఫోను గదుల ముందు అన్ని దేశాలవాళ్ళూ వరసలో నిలబడేవాళ్ళు. లోపల మాట్లాడేది బయట అందరికీ వినిపించేది, ఎందుకంటే ఊరు దూరం కాబట్టి అరిస్తే గాని వినబడదని అందరి నమ్మకం.

మల్లయ్య భార్య గొంతు మాకు బయటికే వినిపించింది. "దుబాయ్‌ల బాంబులు పడ్తున్నయంట గద, వచ్చెయ్యి!"

"నేను దుబాయ్‌ల లేనే! కతర్ల ఉన్న!"

"గదంత దుబాయే గద!"

మల్లయ్య బయటికొచ్చి నుదురు తుడుచుకున్నాడు. "వచ్చిన కాడికెల్లి నేను దుబాయ్‌లనే ఉన్ననట అన్నా. గీడికి ఎప్పుడొచ్చిన్నో నాకే తెల్వదు."

మా ఆవిడ సుజాతకి దేశం పేరు తెలుసు. ఆవిడ భయం వేరు. నేనేం పని చేస్తున్నానో చెప్పాను.

"ఆ గన్నుతో ఎవరైనా పోతే, ఆ పాపం మనకి చుట్టుకోదాండీ?" అంది.

"నేను బిగించేది స్టాండు సుజా. గన్ను కాదు."

"బాగానే ఉంది. కత్తిపీటలో పీట వేరు, కత్తి వేరా?"

నిమిషాలు అయిపోతున్నాయని చెప్పి పెట్టేశాను. తిరిగి వస్తూ దారంతా అదే మాట. సాలెం క్షేమంగా రావాలంటే ఆ గన్ను బాగా తిరగాలి. అది బాగా తిరిగితే ఇంకెవరి సాలెమో ఇంటికి వెళ్ళకపోవచ్చు. ఫిట్టర్ ఉద్యోగంలో ఇలాంటి లెక్కలు కూడా ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు, అందుకే మీకు చెబుతున్నాను.

నబీల్ సాబ్ తొందర

అన్ని బళ్ళూ తయారైన రోజు పొద్దున్నే మా మేనేజరు నబీల్ సాబ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. బళ్ళు ఉత్తరాన కువైట్ సరిహద్దుకి బయల్దేరాలి, మధ్యాహ్నానికల్లా అప్పగించాలి, సైన్యంలోంచి ఫోను వచ్చింది.

"ట్రయల్ వద్దు. కడిగి, తుడిచి, ఇచ్చెయ్యండి. యల్లా!" అన్నాడు.

"బిగించినవాడు ఎక్కకుండా బండి కదలదు," అన్నాడు ఉస్తాద్.

"ఇద్రీస్, ఇవి నీళ్ళ ట్యాంకర్లు కావు. యుద్ధానికి వెళ్ళే బళ్ళు."

"అందుకే."

నబీల్ సాబ్‌కి కోపం వచ్చింది. ఉద్యోగం తీయిస్తానన్నాడు. ఉస్తాద్ నెమ్మదిగా నడిచి వెళ్ళి మొదటి బండి ముందు, నేల మీద, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. "తీయించు. నైలు నది మీద పడవలింకా ఉన్నాయి, రిపేర్లు చేసుకుని బతుకుతాను. ముందు ఈ బండిని నా మీంచి తీసుకెళ్ళు," అన్నాడు.

నబీల్ సాబ్ చెడ్డవాడు కాదు. ప్రతి బాసు చెవిలోనూ ఇంకో బాసు ఫోను మోగుతూ ఉంటుంది, అది మనకి వినబడదు, అంతే తేడా. ఆయన గడియారం చూసుకున్నాడు, ఉస్తాద్‌ని చూశాడు, ఆకాశాన్ని చూశాడు. గాలి లేస్తోంది. "ఒక్క రౌండు," అని వెనక్కి తిరిగాడు.

పాయసంలో ముంచిన స్టాండు

స్టాండు బిగించింది నేను కనక మూతలోంచి నేను లేచి నిలబడ్డాను. సాలెం నా పక్కనే ఇరుక్కుని నిలబడ్డాడు. గన్ను ఖాళీదే. మల్లయ్య లోపల బెంచీ పట్టుకుని కూర్చున్నాడు. ఉస్తాద్ బండిని వెనక గోడ దాటి ఇసుకలోకి పోనిచ్చాడు. షెడ్డులో ఆ గన్ను వేలితో తోస్తే వెన్నలా తిరిగింది. నేను గర్వంగా ఒకసారి అటూ ఇటూ తిప్పి చూపించాను. గాలికి ఇసుక మొహాన కొడుతోంది. ఎగుడుదిగుళ్ళలో ఒళ్ళు హూనమైంది, స్టాండు మాత్రం కదల్లేదు. బిగింపు భేషుగ్గా ఉంది.

తిరిగొచ్చే దారిలో సాలెం గన్ను తిప్పబోయాడు. తిరగలేదు. భుజం ఆనించి తోశాడు. కిర్రుమంటూ కొంచెం జరిగి ఆగిపోయింది. నేనూ చెయ్యేశాను. ఇద్దరం కలిసి ఎద్దుని లాగినట్టు లాగితే కాస్త కదిలింది.

సాలెం తన కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. "కుదుపులకి రెండో చెయ్యి మూత అంచు పట్టుకునే ఉండాలి. అక్కడ గన్ను తిప్పడానికి నాకు ఉండేది ఈ ఒక్క చెయ్యే," అన్నాడు.

షెడ్డుకి వచ్చి స్టాండు ఊడదీశాం. లోపల తిరిగే కడ్డీ చుట్టూ మేం దండిగా పెట్టిన గ్రీజు, దాని నిండా ఇసుక. రెండూ కలిసి సాన పట్టే ముద్దలా తయారయ్యాయి. సాలెం దాన్ని వేలితో తీసి చూశాడు. "మేం గన్నుని పొడిగా తుడిచి గుడ్డ చుట్టి ఉంచుతాం. మీరేమో స్టాండుని పాయసంలో ముంచారు," అన్నాడు.

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. గోదావరి ఒడ్డున లారీ షెడ్డులో గ్రీజు తక్కువైతే మేస్త్రి చెవి మెలేసేవాడు, అక్కడి వానకీ బురదకీ అదే మందు. మల్లయ్య రిగ్గుకి రోజూ గ్రీజుతో తలంటు పోసేవాడు. మరి ఉస్తాద్? ఎడారి దేశం నుంచి వచ్చినవాడు కదా, ఆయనకేమైంది?

"నన్నేం చూస్తారు?" అన్నాడు ఉస్తాద్. "చెప్పాను కదా, నేను పడవల మెకానిక్కుని. నీళ్ళలో పనిచేసేవాడు గ్రీజు పెట్టకపోతే మునుగుతాడు." ఒక్క క్షణం ఆగి పకపకా నవ్వాడు. "ఇసుక యుద్ధానికి నీళ్ళవాళ్ళు బళ్ళు కట్టారురా!"

నవ్వు ఆగాక పని మొదలైంది. అన్ని స్టాండులూ ఊడదీసి, కిరోసిన్‌తో కడిగి, పొడిగుడ్డతో తుడిచాం. నబీల్ సాబ్ మా మీద అరుస్తాడనుకున్నాను. ఆయన ఆ ముద్దని చూశాడు, సాలెంని చూశాడు, ఆఫీసులోకి వెళ్ళి ఫోనులో "సాయంత్రానికి ఇస్తాం, తప్పు మాదే" అన్నాడు. తర్వాత కోటు విప్పి కిరోసిన్ బకెట్టు ముందు కూర్చున్నాడు. తప్పు మాదే అని పైకి ఫోను చేసిన బాసుని నా ఉద్యోగంలో మళ్ళీ చూడలేదు.

ఇసుక లోపలికి పోకుండా అడ్డం కూడా కావాలి. టార్పాలిన్ ముక్కలు కత్తిరించి, దబ్బనంతో కుచ్చులు పెట్టి కుట్టి, కీలు చుట్టూ కట్టాం. మల్లయ్య దూరంగా నిలబడి చూసి, "గన్నుకు లంగ కుట్టిండ్రు పో! గిప్పుడు పెండ్లికి పోతది," అన్నాడు. పువ్వు సంగతి ఇంకా వదల్లేదన్నమాట.

మళ్ళీ ఇసుకలోకి వెళ్ళాం. గాలి పొద్దుటికంటే ఎక్కువగా ఉంది. ఆ గాలిలోనే సాలెం ఒంటిచేత్తో గన్నుని చుట్టూ తిప్పాడు. ఆగకుండా తిరిగింది. వాడు నా వీపు మీద చరిచిన చరుపు రెండ్రోజులు నొప్పెట్టింది.

నిమ్మకాయలు

సాయంత్రం బళ్ళు బయల్దేరేటప్పుడు మల్లయ్యా నేనూ వంటగదిలోంచి నిమ్మకాయలు తెచ్చి చక్రాల కింద పెట్టాం. కొత్త బండి కదిలితే మనం పెట్టమా? నబీల్ సాబ్ ఏదో అనబోయాడు. "ఉండనీ, నిమ్మకాయ ఎవరికీ అపకారం చెయ్యదు," అన్నాడు ఉస్తాద్. సాలెం మాత్రం మూతలోంచి వంగి చూసి, లబలబలాడుతూ దిగొచ్చాడు. మంచి నిమ్మకాయ, టీలోకి పనికొచ్చేది, చక్రం కింద నలపడమేంటి? ఒకటి తీసి జేబులో వేసుకున్నాడు. "ఎండబెట్టుకుంటాను," అన్నాడు. అక్కడివాళ్ళు నిమ్మకాయల్ని నల్లగా ఎండబెట్టి టీలోనూ కూరల్లోనూ వేస్తారు. ఆ బండికి ఒక చక్రం కింద నిమ్మకాయ తక్కువైందని మల్లయ్య చాలా రోజులు బెంగపెట్టుకున్నాడు. నాకూ లోపల పీకుతూనే ఉంది, పైకి చెప్పలేదు.

సాలెం తిరిగొచ్చాక

యుద్ధం అయ్యాక ఒక మధ్యాహ్నం ఆ బండి మా షెడ్డులోకి వచ్చింది. మూతలో సాలెం. గడ్డం పెరిగింది, మనిషి తగ్గాడు, నవ్వు అదే. మల్లయ్య చేతిలోది కింద పడేసి పరిగెత్తాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పొగ పడిందని చెప్పాను, ఆ రోజు షెడ్డులో వెల్డింగే లేదు.

భోజనాలకి కూర్చున్నాం. మల్లయ్య ఉండబట్టలేక అడిగేశాడు, నేను హిందీలో చెప్పాను. "గన్ను ఎట్ల పనిచేసింది?"

"ఒక్కసారి కూడా పేల్చలేదు," అన్నాడు సాలెం.

మల్లయ్య ముఖం వాడిపోయింది. "మరి గింత కష్టపడి లంగ గుట్టింది ఎందుకు?"

అప్పుడు సాలెం చెప్పాడు. ఒక ఉదయం, గాలిదుమ్ములో, అవతలి వైపు నుంచి ఒక ట్రక్కు వచ్చిందట. సాలెం గన్ను దాని మీదికి తిప్పి పెట్టాడు. ట్రక్కు ఆగింది. లోపల్నుంచి నలుగురైదుగురు దిగారు, ఒకడి చేతిలో కర్రకి కట్టిన తెల్ల బనియను. లొంగిపోవడానికి వచ్చారు. కానీ గన్ను తమ మీదే ఉండేసరికి, వాళ్ళలో ఒకడికి వణుకు ఎక్కువై, వెనక్కి పరిగెత్తి ట్రక్కులో చెయ్యి పెట్టబోయాడు. అందులో తుపాకులున్నాయి. వాడు తీస్తే సాలెం పేల్చాలి. పేలిస్తే అందరూ పోతారు.

"వాడి కళ్ళు నా గన్ను మీదే ఉన్నాయి," అన్నాడు సాలెం. "ఒంటిచేత్తో పక్కకి తోశాను. ఇసుక వైపు తిరిగిపోయింది. రెండో చెయ్యి పైకెత్తి వాడికి చూపించాను. వాడు ఆగాడు. అక్కడే కూలబడి ఏడ్చాడు. తర్వాత నీళ్ళడిగాడు. నీళ్ళు అయిపోయాయి, టీ ఉంది. మీ నిమ్మకాయ ఎండింది కదా, అది వేసి ఇచ్చాను."

ఉస్తాద్ లేచి వెళ్ళి బండెక్కి, గన్ను తీసేసిన ఖాళీ స్టాండుని వేలితో తోశాడు. తిరిగింది. ఇటు తోశాడు. ఇటూ తిరిగింది. స్టాండు శత్రువు వైపు తిరగాలనే అప్పటిదాకా మా ధ్యాసంతా. అటునుంచి ఇటు తిరగడం కూడా దాని పనేనని మాకెవరికీ తట్టలేదు. పిల్లలూ, మీరు ఏది బిగించినా రెండు వైపులా తిప్పి చూడండి.

ఆ శుక్రవారం ముషైరిబ్‌లో వరస చివర నిలబడి, నా వంతు వచ్చాక, సుజాతకి మొత్తం చెప్పాను. బనియను సంగతీ, పరిగెత్తబోయినవాడి సంగతీ, టీ సంగతీ. చివరికి, "పీటే పనికొచ్చింది సుజా, కత్తి అక్కర్లేకపోయింది," అన్నాను.

లైను పోయిందేమోనని రెండుసార్లు హలో అన్నాను.

"ఉన్నానండీ," అంది. "అయితే స్టాండు బాగానే బిగించారన్నమాట."